పైడమ్మ అడిగిన విశేషం

"అమ్మగారూ, ఈ బాధ ఎప్పటికి పోతుంది?" అని హైమవతి అడిగేసరికి మాణిక్యాంబ గారు అరుగు మీద కూర్చుని వక్కలు కత్తిరిస్తున్నారు. కత్తిరించడం ఆపలేదు. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పే అలవాటు ఆవిడకు బొత్తిగా లేదు. నలభై ఏళ్లు హరికథలు చెప్పి చెప్పి, ఆవిడ నోట్లోంచి ఏ మాట వచ్చినా కథగా తయారయ్యే బయటికి వచ్చేది. దాహమని మంచినీళ్లు అడిగినవాళ్లకు ముందు ఆ నుయ్యి తవ్విననాడు జరిగిన పిట్టకథ చెప్పి, తర్వాతే చెంబు అందించేవారు. ఈలోగా దాహం సంగతే మరిచిపోయి తృప్తిగా ఇంటికి వెళ్లిపోయినవాళ్లు పార్వతీపురం రైలుగేటు వీధిలో వందమందికి తక్కువ ఉండరు.

ఆ రోజుల్లో ఆ వీధి వైభవం ఇప్పుడు చెబితే నమ్మరు. బొగ్గింజను రోజుకు నాలుగుసార్లు గేటు దాటేది. దాని మసికి పాలు తెల్లగా తోడు పెడితే పెరుగు నల్లగా పేరుకునేది. ఉతికిన కోక కట్టుకుని అరుగు మీద కూర్చున్న ఆడమనిషి సాయంత్రానికి బూడిదరంగు కోకతో లేచేది. శ్రీరామనవమికి గేటు పక్కన తాటాకు పందిరి వేసి తొమ్మిది రోజులూ తొమ్మిది కథలు చెప్పించేవారు. జనం ఆ చివర బజారు దాకా, ఈ చివర స్టేషను దాకా కూర్చునేవారు. సాయంత్రం పాసింజరు గేటు దగ్గరకు వచ్చి ఆగిపోయేది. డ్రైవరు కథ వింటూ ఉండిపోయేవాడు, దిగి అడగవలసిన ప్రయాణికులు కూడా దిగి కథే వినేవారు. అలాంటి పందిట్లో ముప్పై ఏళ్లు కాళ్లకు గజ్జె కట్టి నిలబడిన మాణిక్యాంబ గారు, మోకాళ్లు మొరాయించడంతో, ఆ ఏడు మొదటిరోజు కథ శిష్యురాలు హైమవతికి అప్పగించారు. ఆ కథ శ్రీరామ జననం.

హైమవతికి ముప్పై నిండాయి. పెళ్లయి పదమూడేళ్లు. భర్త స్టేషనులో టిక్కెట్లిచ్చే ఉద్యోగి, నెమ్మదస్తుడు. పిల్లలు లేరు. విశాఖపట్నంలో లేడీ డాక్టరుకు చూపించుకున్నారు, చుట్టుపక్కల ఉన్న దేవుళ్లందరికీ చెప్పుకున్నారు. పుత్రులు లేని దశరథుడి దుఃఖం హైమవతి పాడుతుంటే మాణిక్యాంబ గారి ఇంటి గోడలు చెమర్చేవి. సున్నం రెండుసార్లు ఊడిపోతే మళ్లీ వేయించారు. కాని కథ అక్కడితో ఆగదు కదా. పాయసం రావాలి, రాముడు పుట్టాలి, కౌసల్య ఉయ్యాల ఊపుతూ జోలపాట పాడాలి. ఆ జోలపాట దగ్గరికి వచ్చేసరికి హైమవతి గొంతు పూడుకుపోయేది. మృదంగం వాయించే ఆయన అక్కడక్కడే పదిసార్లు తిప్పి వాయించి, చివరికి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు.

అది చాలదన్నట్టు, కిందటి వారం స్టేషను మాస్టరు గారి మనవడి బారసాలకు పాడమని పిలిచి తీసుకెళ్లారు. హారతి పాట అయ్యాక వీధిలో పెద్ద ముత్తయిదువ ఒకావిడ, నిండు పేరంటంలో, ఎంతో ఆప్యాయంగా, "ఏమ్మా హైమా, ఏమన్నా విశేషమా?" అని అడిగింది. ఆ మాటకు మన వైపు ఆడవాళ్లలో ఒక్కటే అర్థం. నెల తప్పావా అని సూటిగా అడగడానికి మొహమాటపడి ఎవరో మహాతల్లి కనిపెట్టిన మర్యాద అది. హైమవతి లేదండీ అంది. పేరంటాళ్లు వరసగా వచ్చి ఉయ్యాల తాడు పట్టుకుని తలా ఒక ఊపు ఊపుతున్నారు. తన వంతు వచ్చేసరికి ఆ తాడు పక్కావిడ చేతికి వెళ్లిపోయింది. ఎవరూ ఏమీ అనలేదు, అందరూ నవ్వుతూనే ఉన్నారు. హైమవతి కూడా నవ్వుతూనే ఇంటికి వచ్చి నాలుగు రోజులు తలుపు తీయలేదు. అయిదో రోజు మధ్యాహ్నం తన చిడతలు పాత చీర గుడ్డలో మూటకట్టి తెచ్చి గురువుగారి ముందు పెట్టింది. నవమికి ఇంకా పన్నెండు రోజులున్నాయి, వేరే ఎవరినైనా చూసుకోమంది. ఇక ఏ కథా చెప్పనంది. ఆ తర్వాతే ఆ ప్రశ్న అడిగింది.

మాణిక్యాంబ గారు మాట్లాడకపోయేసరికి హైమవతికి ఒళ్లు మండింది. అడిగి ఏం లాభం, మీకేం తెలుస్తుంది, మీరు ఏడుగురిని కన్నవారు అంది. ఆ మాట అన్నాక తనకే భయం వేసింది. గురువుగారి ముందు అంత మాట అన్నవాళ్లు ఆ వీధిలో అంతవరకూ పుట్టలేదు.

"నిజమే తల్లీ, నాకు తెలియదు," అన్నారు మాణిక్యాంబ గారు. "మా నరసమ్మ పిన్నికి తెలుసు." అడకత్తెర పక్కన పెట్టి కథ మొదలుపెట్టారు.

అప్పలనరసమ్మ పిన్ని కాపురం సాలూరులో. అత్తవారింటికి వచ్చిన మూడో నెలలోనే నూతి దగ్గర ఎవరో ఆ మర్యాద ప్రశ్న వేశారట. నరసమ్మ లేదండీ అంది. మొదటి ఏడాది నవ్వుతూ అంది, రెండో ఏడాది తల దించుకుని అంది. అయిదో ఏడు వచ్చేసరికి ఎదుటివాళ్లు తుమ్మడానికి నోరు తెరిచినా ముందుగానే లేదండీ అనేసేది. ఒకనాడు పోస్టుమాను వచ్చి సూరిబాబు గారున్నారా అని అడిగితే లేదండీ అని లోపలికి వెళ్లి ఏడ్చింది. ఆవిడ భర్త సూరిబాబు బాబాయి పక్కగదిలో భోజనం చేస్తున్నాడు. ఉత్తరం వెనక్కి వెళ్లిపోయింది. ఆవిడ తాగిన కషాయాలన్నీ కలిపితే వేగావతి నదికి వరద వచ్చేది. ఆవిడ ప్రదక్షిణాలకు చెట్లకే కళ్లు తిరిగేవి. వీటన్నిటికంటే కష్టం, ప్రతి నెలా నాలుగు రోజులు ఆలస్యమైతే ఆ నాలుగు రోజులూ ఊపిరి బిగపట్టి నడవడం. ఇది చెబుతూ మాణిక్యాంబ గారు, నెలకోసారి ఆశ పుట్టేది, నెలకోసారి పోయేది, పుట్టినందుకు పేరంటమూ లేదు, పోయినందుకు మైలా లేదు అన్నారు. హైమవతి తల ఎత్తి చూసింది.

అలా ఏడేళ్లకు నరసమ్మ నూతికి జనం లేని వేళ చూసి వెళ్లడం, పేరంటాలకు తలనొప్పి అని చెప్పడం, పుట్టింటికి ఉత్తరాలు రాయడం మానేయడం వరకూ వచ్చింది. ఇంట్లో ఉన్నా ఉన్నట్టు ఎవరికీ తెలిసేది కాదు. నీడ కూడా కాస్త పలచబడిందని చూసినవాళ్లు చెప్పేవారు.

అటువంటి రోజుల్లో కొండదాపు పల్లెనుంచి గాజుల పైడమ్మ వచ్చింది. గాజుల మలారం భుజానికి వేలాడేసుకుని మూడు నెలలకోసారి సాలూరు వీధులన్నీ తిరిగేది. ఆవిడ రావడం అంటే చిన్న జాతరే. మలారం గలగల ఊరి పొలిమేరలో వినిపిస్తే చాలు, నాలుగు వీధుల ఆడవాళ్లు పొయ్యి మీద కూర మాడుతున్నా మోచేతుల దాకా సున్నిపిండి రుద్దుకుని కూర్చునేవారు. గాజు ఎక్కించడంలో పైడమ్మకు మించినవాళ్లు లేరు. దానికొక కిటుకుంది. ఊరికే కూర్చోబెట్టి గాజు తోస్తే, ఎక్కడ నొస్తుందోనని చెయ్యి బిగుసుకుంటుంది, కణుపు దగ్గర గాజు పుటుక్కుమంటుంది. అదే మనిషిని మాటల్లో పెడితే చెయ్యి దానంతటదే మెత్తబడుతుంది, గాజు ఎప్పుడు ఎక్కిందో తెలియదు. అందుకని మణికట్టు చేతిలోకి తీసుకోగానే, ముసలైనా పిల్లైనా, పైడమ్మ ఒక్కటే మాట అడిగేది. ఏటమ్మా, ఏటి ఇసేసాలు?

పైడమ్మ వస్తే లోపలికి తప్పుకునే నరసమ్మ, ఆనాడు అత్తగారు బలవంతంగా కూర్చోబెడితే చెయ్యి చాపింది. పైడమ్మ అలవాటుగా ఆ మాట అడిగింది. నరసమ్మ లేదు అంది. చెయ్యి కర్రలా బిగుసుకుంది. మొదటి గాజు విరిగింది. పైడమ్మ ఇంకోటి తీసి మళ్లీ అదే అడిగింది. లేదు. రెండోది విరిగింది. మూడు డజన్లు విరిగాయని, అరుగంతా ఎర్రగా ముక్కలే అయ్యాయని మాణిక్యాంబ గారు చెప్పారు. మూడు గాజులే అయినా అయ్యుండవచ్చు. పైడమ్మకు కోపం రాలేదు, ఆశ్చర్యం వేసింది.

"నానొచ్చి మూడు నెల్లయినాది. మూడు నెల్లలో ఏటీ జరగనేదా? పిల్లి పాలు తాగనేదా, అత్త తిట్టనేదా?"

నరసమ్మకు ఏడేళ్ల కోపం ఒక్కసారి వచ్చింది. నాకు పిల్లలు లేరని ఊరంతటికీ తెలుసు, నీకూ తెలుసు, గాజులు అమ్ముకోవడానికి వచ్చి నువ్వు కూడా అదే అడుగుతావా అని చెయ్యి లాక్కోబోయింది. పైడమ్మ వదల్లేదు. ఆవిడకు నిజంగానే అర్థం కాలేదు. కొండదాపు మనిషికి విశేషమంటే విశేషమే. ఊళ్లో ఆడవాళ్లు ఆ మాటను కట్టి పడేసి ఒక్క పనికే వాడుకుంటున్నారని ఆవిడకెవరు చెబుతారు?

"పుట్టనోల్ల ఇసేసం నానేల అడుగుతానమ్మా? నా సేతిలో ఉన్నది నీ సెయ్యి. నీ ఇసేసం అడిగినాను."

నరసమ్మ చెయ్యి లాక్కోవడం మానేసింది. ఏడేళ్లలో తన విశేషం ఎవరూ అడగలేదన్న సంగతి అప్పుడు తెలిసింది. ఆ తర్వాత ఏడ్చింది. ఎంత ఏడ్చిందంటే మలారంలోని గాజులన్నీ కడిగినట్టు మెరిశాయి. ఏడుస్తూనే చెప్పడం మొదలుపెట్టింది. ఏదో గొప్ప సంగతి కాదు, గోంగూర పచ్చడికి బూజు పట్టిందని చెప్పింది. గూట్లో పిచ్చుక గూడు పెడితే అత్తగారు తీసేయించబోతే తను అడ్డుపడ్డానని చెప్పింది. బాబాయి గురక గురించి చెప్పింది. ఆ గురకకు అటకమీద గిన్నెలు జరుగుతాయట. చెప్పి చెప్పి నవ్వింది కూడా. నవ్వు ఆగాక గొంతు తగ్గించి, మూడో ఏడు పన్నెండు రోజులు ఆలస్యమైనప్పుడు మెత్తటి పాత పంచె చింపి బుల్లి చొక్కా కుట్టానని, అది ఇప్పటికీ ట్రంకుపెట్టెలో అడుగున ఉందని, ఆ మాట సూరిబాబుకు కూడా తెలియదని చెప్పింది. పైడమ్మ ఓదార్చలేదు. పుడతారులే అనలేదు, ఫలానా మందు తినమనలేదు, నీకంటే కష్టాల్లో ఉన్నవాళ్లు లేరా అనలేదు. ఊఁ కొట్టింది. మధ్యలో ఒకసారి, ఏ రంగు దారంతో కుట్టినావమ్మా అని అడిగింది. పచ్చదారం అంది నరసమ్మ. పొద్దువాలి అత్తగారు దీపం తెచ్చి చూస్తే రెండు చేతులకూ నిండా గాజులున్నాయి. అవి ఎప్పుడు ఎక్కాయో ఇద్దరిలో ఎవరూ చెప్పలేకపోయారు.

మర్నాడు నరసమ్మ నూతికి అందరూ ఉన్న వేళకే వెళ్లింది. ఎవరో అలవాటుగా ఏమన్నా విశేషమా అన్నారు. ఎందుకు లేదండీ, బోలెడుంది అంది నరసమ్మ. బిందెలు చేతుల్లోంచి జారిపోయాయి. అందరూ చుట్టూ మూగాక, వెనకింటివాళ్ల కోడి తమ గంపలో గుడ్డు పెట్టి, వాళ్లింటికి వెళ్లి కూస్తోందని, ఆ గుడ్డు ఎవరిదో తేల్చడానికి రెండిళ్లవాళ్లూ మాటలు మానేశారని సావకాశంగా చెప్పింది. కొందరు పక్కకు తిరిగి నవ్వారు. పాపం బుర్ర చెడింది అన్నారు. వారం రోజులు అలాగే అన్నారు. నెల తిరిగేసరికి నరసమ్మ రాకుండా నూతిలో చేద వేయడం ఆగిపోయింది. ఆవిడ చెప్పే కబుర్ల కోసం నీళ్లున్న బిందెలు కూడా ఒలకబోసుకుని మళ్లీ వచ్చేవారు.

ఇక్కడ మాణిక్యాంబ గారు వేలు ఎత్తి, అన్ని రోజులూ అలా ఉండేది కాదు సుమా అన్నారు. కొన్ని రోజులు నరసమ్మ గుమ్మంలో నిలబడి, ఇవాళ్టి విశేషం నాకు ఏడుపొస్తోంది, రేపు రండి అని చెప్పి తలుపు వేసుకునేది. ఆ తలుపు ఎవరూ తట్టేవారు కాదు. కొన్ని బారసాలలకు వెళ్లేది, కొన్నిటికి తన వల్ల కాదని ఉన్నమాట కబురు పంపేది. తలనొప్పి అని చెప్పడం మాత్రం మానేసింది. ట్రంకుపెట్టెలో చొక్కా ఎవరికీ ఇవ్వలేదు, పారేయనూ లేదు. ఏడాదికోసారి ఎండలో వేసేది. ఎవరిదమ్మా అని అడిగితే నేను కుట్టుకున్నానని చెప్పి, ఎండ తగిలాక మడిచి లోపల పెట్టేది. మొదటిసారి అది తీగ మీద చూసిన రోజున సూరిబాబు బాబాయి ఆఫీసుకు వెళ్లకుండా దాని పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడట.

కథ అయిపోయింది. మాటలు వినపడకుండా గేటు దగ్గర గూడ్సు బండి ఒకటి వెళ్లడం మొదలుపెట్టింది. ఆ రోజుల్లో గూడ్సు బండి దాటడానికి పూటంతా పట్టేది. శబ్దం సద్దుమణిగాక మాణిక్యాంబ గారు, ఇంక నువ్వు చెప్పు అన్నారు. హైమవతి నాకేముంది చెప్పడానికి అంది. గురువుగారు వక్కలు కత్తిరించుకుంటూ కూర్చున్నారు. కాసేపటికి హైమవతి, బారసాల నాడు కట్టుకున్న నేరేడుపండు రంగు చీర గురించి ఎత్తుకుంది. అది తనకు ఎంత ఇష్టమో, ఆ రోజు విప్పి మూలకు విసిరేశాక మళ్లీ చూడలేదని చెప్పింది. అక్కణ్నుంచి ఉయ్యాల తాడు దగ్గరికి వచ్చింది. ఆ తాడు తన వేళ్ల దాకా వచ్చి వెళ్లిపోయిన సంగతి, అప్పుడు తను నవ్విన నవ్వు సంగతి, పదమూడేళ్ల సంగతి. మధ్యలో ఎన్నిసార్లు గొంతు ఆగిందో, అన్నిసార్లూ మాణిక్యాంబ గారు ఊఁ అన్నారు. ఆవిడ జీవితంలో అంతసేపు కథ చెప్పకుండా ఉండటం అదే మొదలు.

చెప్పవలసినది తరిగాక, ఎవరూ అడగకుండానే, హైమవతి మూట విప్పి చిడతలు తీసింది. లేచి నిలబడి జోలపాట అందుకుంది. రెండో చరణంలో గొంతు పగిలింది. ఆగి గురువుగారి వంక చూసింది. ఆవిడ మోకాలి మీద తాళం వేస్తూనే ఉన్నారు, ఆపలేదు, ఆపమనీ అనలేదు. హైమవతి పగిలిన గొంతుతోనే పాడింది. పగిలినచోట అతుకు వేయడానికి చూడలేదు, పగిలినచోటల్లా పగలనిస్తూ చివరి చరణం దాకా పాడింది. ఎదురింటి అరుగు మీద చింతపండు పిక్క తీస్తున్న ఇద్దరు అమ్మమ్మలు చేతులాపి వింటూ కూర్చున్నారు. కౌసల్య ఎన్నాళ్లు ఎదురుచూసి ఆ ఉయ్యాల ఊపిందో ఆ వీధివాళ్లకు ఆ పూటే తెలిసిందని వాళ్లు బతికున్నన్నాళ్లూ చెప్పారు. నవమి మొదటిరోజు కథ మొత్తం మీద ఎలా ఉంటుందో హైమవతికి అప్పటికీ తెలియదు. కాని వేరే ఎవరినీ చూడనక్కర్లేదని మాత్రం చెప్పింది.

చిడతలు చేతపట్టుకుని, చెప్పులు వేసుకుని, రెండు మెట్లు దిగింది. మూడో మెట్టు మీద ఆగింది. ఏదో మరిచిపోయినట్టు వెనక్కి తిరిగి, "అవును గాని అమ్మగారూ, చివరికి మీ నరసమ్మ పిన్నిగారికి పిల్లలు పుట్టారా?" అని అడిగింది.

అడిగేశాక, తనేం అడిగిందో తన చెవికే వినిపించి, నోటి మీద చెయ్యి వేసుకుంది.

మాణిక్యాంబ గారు కోప్పడలేదు, నవ్వనూ లేదు. కత్తిరించిన వక్కలు పళ్లెంలోకి ఎత్తుకుంటూ, "ఏమో తల్లీ," అన్నారు. "ఆవిడ కబుర్లు వినడానికే మాకు పొద్దు చాలేది కాదు. ఆ సంగతి అడిగే తీరిక ఎప్పుడూ దొరకలేదు."